పిల్లవాడికి సొంత గుర్రం

రావికమతానికి ఎగువన ఉన్న పాడేరు మన్యంలో గుర్రం కొత్త కాదు. రోడ్డు లేని ఊళ్ల నుంచి సంతకు సరుకు మోసేది అదే. అయినా పిల్లవాడికి సొంత గుర్రం ఎప్పుడు కొనాలన్నది వయసొక్కటే తేల్చదు. 5, 6 ఏళ్లకు జీను మీద నిలకడ కుదురుతుంది. మేత, నీళ్లు, లద్దె ఎత్తడం రోజూ గుర్తుంచుకునే ఓపిక అంత త్వరగా రాదు. కొనేముందు కొన్నాళ్లు తెలిసినవాళ్ల గుర్రానికి పిల్లవాడిచేత చాకిరీ చేయించి చూడటం మేలు. ముచ్చటగా ఉందని గుర్రప్పిల్లను తెస్తే చిక్కే: 3, 4 ఏళ్లు నిండేదాకా దాని ఎముకలు సవారీకి ఆగవు, పైగా నేర్పాల్సింది ఇద్దరికీ. పదేళ్లు దాటిన నెమ్మదైన పొట్టి గుర్రమే నయం. మంచి పోషణలో అది 25 ఏళ్లు దాటి బతకగలదు. జీనుతో కలిపి మోసే బరువు దాని బరువులో అయిదో వంతు మించకూడదు. 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, ధనుర్వాతం టీకా వేయించాలి.