అప్పగించిన పని, అప్పగింపరాని బాధ్యత

కాయకమును పూజతో సమానముగా నెంచిన శరణుల త్రోవలో నడువగోరు వారికి నేడొక క్రొత్త ప్రశ్న యెదురగుచున్నది. మన పనిని వేరొకరికి అప్పగించినచో అది మన కాయకమా, వారి కాయకమా? పని చేతి నుండి జారిపోయిన తరువాత మనకు మిగులు ధర్మమేమి?

ఈ ప్రశ్న నేటి దినములలో వర్చువల్ అసిస్టెంట్ అను రూపమున వచ్చినది. ఎదుట కూర్చుండక, దూరమున నుండియే ఫోను, కంప్యూటరుల సాయమున ఉత్తరములకు బదులు వ్రాయుట, ఆర్డర్లు పుచ్చుకొనుట, లెక్కలు కూర్చుట మున్నగు పనులు చేయు సహాయకుని ఆ పేర పిలుచుచున్నారు. కొన్నియెడల ఆ సహాయకుడు పొరుగూరి మనిషి. కొన్నియెడల మనిషివలె బదులు చెప్పు కంప్యూటరు ప్రోగ్రాము. కడియపులంకలోని నర్సరీ యజమానికైనను, రాజమహేంద్రవరము తాడితోటలోని బట్టల వర్తకునికైనను ఇట్టి సహాయము అక్కరకు రావచ్చును. దీనిని వినియోగించుకొనుట సోమరితనమా యని సంశయించు పెద్దలును కలరు.

నులియ చందయ్య కథ ఈ సంశయమును తీర్చును. గడ్డి కోసి, త్రాళ్లు పేని, అమ్మగా వచ్చిన దానితో జంగమ దాసోహము చేయుట ఆయన కాయకము. తుదకు ఆయన తన లింగమునకే త్రాళ్లమ్ము పనిని అప్పగించెనని శరణ కథలు చెప్పుచున్నవి. లింగము ఆ త్రాటిని బసవేశ్వరుని కడకు కొనిపోగా ఆయన వేయి హొన్నులిచ్చెనట. చందయ్య సంతసింపలేదు. త్రాటి వెల యెంత, తెచ్చిన ధనమెంత యని మందలించి, అధికమును స్వీకరింప నిరాకరించెను. పని నప్పగించుట ఇచట దోషము కాలేదు. అయితే అప్పగించినవాడు తన సరుకు వెల నెఱుగును. పంపినవాడు ఏమి తెచ్చెనో చూచెను. లాభము వచ్చినది గదా యని ఊరకుండలేదు. పని చేయి మారినను నీతి చేయి మారలేదు.

ఇక మన డెల్టాలోనే మన కన్నుల యెదుట నున్న నిదర్శనము ధవళేశ్వరము ఆనకట్ట. 1847లో పని ఆరంభమై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా గోదావరి పాయలకు అడ్డముగా సాగిన ఆ కట్టడమును ఆర్థర్ కాటన్ దొర కట్టెనని మన మందుము. అది సత్యమే. కాని ఒక్కని చేతితో అట్టి పని సాధ్యము కాదు. 1848లో కాటన్ ఆరోగ్యము చెడి సెలవుపై ఆస్ట్రేలియా వైపు వెళ్లవలసి వచ్చినప్పుడు బాధ్యత కెప్టెన్ ఓర్ వహించెను. 1850లో కాటన్ తిరిగి వచ్చువరకు పని ఆగలేదు. ఏల? ఆనకట్ట యెందులకు, ఎక్కడ, ఎట్లు అను విషయములు అంతకు ముందే నివేదికలుగా, అంచనాలుగా వ్రాతలో నుండెను. మనస్సులో దాచుకొన్న పని మనిషితోనే ఆగును. వ్రాసి చెప్పిన పని మనిషి లేకున్నను సాగును.

గన్నవరము వద్ద వైనతేయపాయ మీదుగా కాలువ నీటిని ఆవలి లంకభూములకు దాటించిన 49 కమానుల అక్విడెక్టును హెయిగ్ అను పిన్న వయస్సు లెఫ్టినెంటు నిర్మించెను. ఆయనకు చిల్లర పనులు గాక ఒక సంపూర్ణమైన పని అప్పగింపబడినది. కూలీలను కూర్చి, వారితో వారి భాషలో మాటలాడి పని నడిపించుటకు వీణెం వీరన్న అను సబ్ ఓవర్సీయరు తోడ్పడెను. పరదేశి ఇంజనీరునకు తెలియనిది వీరన్నకు తెలియును. కాబట్టి అప్పగింతలో రెండు విధములున్నవి: మనకు తెలిసినదానిని నేర్పి యిచ్చుట ఒకటి, మనకు తెలియనిదానిని తెలిసినవానికి విడిచి యిచ్చుట రెండవది. మొదటిదానికి ఓర్పు కావలెను. రెండవదానికి వినయము కావలెను.

ఈ నీతిని నేటి దూర సహాయకునికి అన్వయించి చూతము. నర్సరీ యజమాని "కొబ్బరి మొక్కలు పంపింపుడు" అని మాత్రము చెప్పెననుకొనుడు. ఈస్ట్ కోస్ట్ టాల్ అను పొడవు రకమా, గోదావరి గంగ అను సంకరమా? ఎన్ని నెలల మొక్కలు? లారీ ఏనాడు బయలుదేరవలెను? మార్గమధ్యమున వానలు పట్టినచో ఏమి చేయవలెను? ఎంత సొమ్ము వరకు సహాయకుడు తానే నిర్ణయింపవచ్చును? ఇవి చెప్పక, తరువాత తప్పు పట్టుట అన్యాయము. ఎదుటనున్నవాడు మన ముఖము చూచి గ్రహించును. దూరముననున్నవానికి మాటయే ముఖము. ప్రయోజనము, పరిమితి, గడువు, ఒక మంచి నమూనా అను నాలుగును ఇచ్చుట అప్పగించువాని కాయకము.

"ఇంత చెప్పి, చూచి, సరిదిద్దుటకంటె నేనే చేసికొనుట సులభము గదా?" అని కొందరందురు. ఒక్కసారి మాత్రమే చేయు చిన్నపనికి ఆ మాట తగును. నిత్యము వచ్చు పనికి తగదు. ఒకనాటి బోధ ఏడాది పొడవున ఫలించును. చూచుటలోను తారతమ్యము ఉండవలెను. తప్పినను దిద్దుకొనగల పనిని మొదట కొన్నాళ్లు చూచి, నమ్మకము కుదిరిన పిమ్మట విడువవచ్చును. తప్పినచో దిద్దుకొనరాని పనిని, అనగా సొమ్ము పంపుట, మాట యిచ్చుట, ఒకరి గౌరవమునకు సంబంధించిన లేఖ వ్రాయుట మున్నగువానిని, చివర తానే చూడవలెను. కంప్యూటరు ప్రోగ్రాము విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. అది తెలియని సంగతిని సైతము తెలిసినట్లే చక్కని వాక్యములలో వ్రాయగలదు. బ్యాంకు రహస్య సంఖ్యలను, ఇతరులు మనలను నమ్మి చెప్పిన సంగతులను దానికి గాని, పరిచయము లేని మనిషికి గాని ఒప్పగింపరాదు. అవి మన సొత్తు కావు; ఇతరుల నమ్మకము.

ఇచటనే అసలు పరీక్ష కలదు. మొక్కలు ఎండిపోయి చేరినప్పుడు "నేను చేయలేదు, సహాయకుడు చేసెను" అనియు, "కంప్యూటరు పొరపాటు" అనియు చెప్పుట నేడు తరచుగా వినవచ్చుచున్నది. కొన్నవాడు ఎవరిని నమ్మి సొమ్ము చెల్లించెనో వాడే బదులు చెప్పవలెను. శ్రమను పంచుకొనవచ్చును, జవాబుదారిని పంచి తప్పించుకొనరాదు. మంచి జరిగినప్పుడు నాది, చెడు జరిగినప్పుడు వానిది యనువాడు పనిని అప్పగింపలేదు, నిందను అప్పగించినాడు.

మరియొక ధర్మము కలదు. కనబడని వాని కష్టము కనబడదు. ఇంటి పాలేరు అలసినచో చూచి జాలిపడుదుము. తెర వెనుకనున్న సహాయకునికి అర్ధరాత్రి పని పంపి ఉదయమున ఏల కాలేదని అడుగుదుము. వానికిని ఇల్లు, నిద్ర, ఆకలి కలవు. ఒడంబడిన వేతనమును గడువునకు ఇచ్చుట, పని వేళలను పాటించుట, మంచి పనికి వాని పేరు చెప్పుట మన బాధ్యత. వీణెం వీరన్నకు రాయబహదూర్ బిరుదము లభించినది. అయినను కాటన్ పేరు ఎఱిగినంతమంది వీరన్న పేరు ఎఱుగరు. అప్పగించినవాని పేరు నిలిచి, చేసినవాని పేరు మరుగుపడుట లోకరీతి కావచ్చును గాని శరణరీతి కాదు.

ఇట్లు మిగిలిన కాలమును ఏమి చేయుదుమన్నది తుది ప్రశ్న. దానిని సోమరితనమునకు ధారపోసినచో సంశయించిన పెద్దల మాటయే నిజమగును. తన చేతితోనే చేయవలసిన మేలైన పనికి, పదిమందికి ఉపకరించు సేవకు వెచ్చించినచో అప్పగింత కూడ కాయకమే యగును. అందుచేత పని ఇచ్చుటకు ముందు ప్రతివాడును మూడు విషయములు తన్ను తాను అడుగుకొనవలెను: స్పష్టముగా చెప్పితినా? తప్పు జరిగినచో నేను ముందుకు వచ్చి బదులు చెప్పుదునా? చేసినవానికి చేరవలసినది చేరుచున్నదా? ఈ మూడింటికిని అవునను బదులు వచ్చినచో నిస్సంశయముగా అప్పగింపవచ్చును. రానిచో ఆ పని ఇంకను మన చేతిలోనే యుండుట మేలు.

శరణు శరణార్థి.