తిక్కన దాటిన అరణ్యం: అసమాప్త కార్యం – సృజన ధర్మం

విఘ్నాలు కలిగితే ఆరంభించిన పనిని నడుమ విడిచేవారిని భర్తృహరి మధ్యములన్నాడు. ఏనుగు లక్ష్మణకవి అనువాదం వల్ల ఈ వర్గీకరణ తెలుగునాట బడిపిల్లలకు సైతం కంఠస్థమైంది. అయితే ఆ పనిని ఆరంభించినవాడు మరొకడైనప్పుడు, దానిని ముట్టక ముందుకు సాగినవానిని ఏ వర్గంలో చేర్చాలి? ఆంధ్ర మహాభారత రచనాక్రమం ఈ ప్రశ్నను సూటిగా ముందుకు తెస్తుంది.

11వ శతాబ్దిలో నన్నయ రచన అరణ్యపర్వం చతుర్థాశ్వాసంలో 142వ పద్యం వద్ద ఆగిపోయింది. సుమారు రెండు శతాబ్దాల తరువాత తిక్కన ఆ శేషాన్ని విడిచి, విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు రచించాడు. విరాటపర్వ అవతారికలో నన్నయ మూడు కృతులు చేశాడని తిక్కన చెప్పడాన్ని బట్టి, అరణ్యపర్వ భాగం ఆ తరువాతి కాలంలో నష్టమైందని భావించినవారు ఉన్నారు. ఆ వాదమే నిలిస్తే తిక్కన విడిచిపెట్టినది ఏమీ లేదు. లోటు ఆనాటికే ఉన్నదన్న బహుళాభిప్రాయాన్నే ఈ విచారణ స్వీకరిస్తున్నది. అరణ్యపర్వాన్ని ముట్టినవారికి కీడు కలుగుతుందన్న జనశ్రుతి తిక్కన మౌనానికి కారణం చూపడానికి పుట్టినదే తప్ప దానిని వివరించదు.

శేషాన్ని పూరించడమంటే కేవలం మిగిలిన కథను చెప్పడం కాదు. పూర్వకవి శైలిని, అతని కృతిభర్తను, అతడు ఎత్తుకున్న స్వరాన్ని కూడా స్వీకరించడం. తరువాత ఎఱ్ఱన ఈ మూల్యాన్ని చెల్లించాడు. నన్నయ రీతితో ఆరంభించి క్రమంగా తిక్కన రీతికి చేరుకున్నాడని విమర్శకులు గుర్తించారు. తిక్కన అక్కడి నుంచే మొదలుపెట్టి ఉంటే హరిహరనాథునికి అంకితమైన భారతం, కీచకవధలోని ఆ నాటకీయ సంభాషణ ఇదే రూపంలో వచ్చేవా అన్నది సందేహమే. అజ్ఞాతవాసం కొత్త కథ. పాండవులు పాత పేర్లను విడిచిన చోటనే కవి కూడా పాత బరువును దించుకున్నాడు.

ఇంతటితో తిక్కనకు పూర్తి సమర్థన లభించదు. భారతానికి ముందు రచించిన నిర్వచనోత్తర రామాయణాన్ని కూడా అతడు రామనిర్యాణం చెప్పకుండానే ముగించాడు. అది తానే ఎత్తుకున్న కథ, మనుమసిద్ధికి అంకితమిచ్చిన కృతి. అమంగళమని విడిచాడన్న వివరణ ఒకటి ఉన్నది. కాని మౌసలపర్వంలో కృష్ణనిర్యాణాన్ని చెప్పిన కవి అతడే కాబట్టి ఆ వివరణ చాలదు. పరుల శేషాన్ని విడవడం ఔచిత్యం కావచ్చు. సొంత శేషాన్ని విడవడం మాత్రం పాఠకునికి బాకీ పడటమే. పెద్ద కృతి ఆ బాకీని మరపిస్తుంది గాని తీర్చదు.

అయినా రెండు సందర్భాలలోనూ ఒక సమానధర్మం కనిపిస్తుంది. తిక్కన లోటును కప్పిపుచ్చలేదు, నాలుగు పద్యాలతో అతుకు వేసి పూర్తయిందని అనిపించలేదు. విడిచిపెట్టడానికీ ఎగవేతకూ ఉన్న భేదం ఇక్కడే ఉన్నది. ఎగవేసేవాడు జాడ చెరుపుతాడు. విడిచిపెట్టేవాడు చోటును ఖాళీగానే ఉంచుతాడు. ఆ ఖాళీ ఉన్నందువల్లనే జయంతి రామభట్టు ఉత్తర రామాయణాన్ని పూరించగలిగాడు. 14వ శతాబ్దిలో ఎఱ్ఱనకు అరణ్యపర్వం మిగిలింది.

ఎఱ్ఱన తన పూరణను తన ప్రభువైన ప్రోలయ వేమారెడ్డికి అంకితమీయలేదు. నన్నయే రచించినట్లుగా రాజరాజనరేంద్రుని పేరనే నిలిపాడు. నన్నయ కలం ఆగినది శరద్రాత్రుల వర్ణన వద్ద. ఎఱ్ఱన మొదటి పద్యం ఆ శరత్తులోని ఉదయాన్ని వర్ణిస్తుంది.