గుప్పెడు బియ్యం, లాభాల వాటా

రాత్రి షిఫ్టు దిగి, తలారా స్నానం చేసినా కనురెప్పల అంచున బొగ్గు నలుపు కాటుకలా మిగిలిపోయిన మనుషులు గోదావరిఖని చర్చీల్లో ఆదివారం ఉదయం కనిపిస్తారు. కానుకల సంచి వరుసల మధ్య తిరుగుతూ వస్తుంది. ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల నోటు తీసి మనవరాలి చేతిలో పెడతాడు. పిల్ల మునివేళ్ల మీద లేచి దాన్ని సంచిలో వేసి, తాత ముఖం చూసి నవ్వుతుంది.

భూగర్భంలో ఎనిమిది గంటల చెమట ఆ నోటు. కప్పు కూలకుండా పైకి వచ్చినందుకు కృతజ్ఞత కూడా అందులో ఉంది.

అయితే దేవునికి డబ్బుతో ఏం పని? ఈ ప్రశ్నను తప్పించుకోకూడదు. సింగరేణి బొగ్గు కోసం వేసిన రైలుదారి చీలే డోర్నకల్ జంక్షన్‌లోనే దీనికి ఒక గట్టి జవాబు దొరుకుతుంది. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాని తరఫున వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే తమిళుడు తెలుగు నేర్చుకుని డోర్నకల్ వచ్చారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన సంఘస్తుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వాళ్లను చూసి ఎవరైనా వీళ్లకు ఇవ్వాలి గానీ వీళ్ల దగ్గర తీసుకోవడమేమిటి అంటారు. అజరయ్య అలా అనుకోలేదు. ఇవ్వడం గురించి ‘క్రిస్టియన్ గివింగ్’ అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

ఆయన పట్టుదలలో న్యాయముంది. తెల్లదొరల డబ్బుతో నడిచే చర్చిలో పేదవాడు ఎప్పటికీ చేయి చాపినవాడే. తన గింజ పడ్డ చర్చిలో అతను ఇంటివాడు. ఊరు ఎప్పుడూ తీసుకునేవాడిగానే చూసిన మనిషికి, ఇచ్చే స్థానంలో నిలబడటం ఎంత పెద్ద మార్పో!

తెలుగు పల్లె సంఘాల్లో గుప్పెడు బియ్యం తీసే అలవాటు ఇలాంటిదే. ఎసరు మరుగుతుంటే ఇల్లాలు చేటలోని బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో పోస్తుంది. అన్నం ఉడకకముందే ఆ వాటా విడిపోతుంది, మిగిలితే ఇద్దామనుకున్నది కాదు. పంట పండుగకు కోడిపెట్ట, గుమ్మడికాయ, ధాన్యం చర్చికి చేరతాయి. మార్కు సువార్తలో రెండు కాసులు వేసిన విధవరాలిని యేసు గుర్తించింది కూడా ఇందుకే. ఆమె దగ్గర ఇక మిగిలిందేమీ లేదు. రేపటిని దేవుడి చేతిలో పెట్టింది. విశ్వాసమంటే ఆ పనే.

అందుకే పదిస్తే వంద వస్తుందని చెప్పే బోధ మనసుకు నొప్పి కలిగిస్తుంది. అది బేరం. బిడ్డ ఫీజు కట్టలేని కార్మికుడి దగ్గర దీవెన పేరుతో అప్పు చేయించి తీసుకునే కానుక ఎవరికి మహిమ తెస్తుంది? అపొస్తలుడైన పౌలు మాసిదోనియ సంఘాలను మెచ్చుకున్నాడు గానీ వాళ్లను పిండలేదు. నిరుపేదలై ఉండీ తమంతట తామే ఇచ్చారని చెప్పాడు. ఆ సొమ్ము వెళ్లింది యెరూషలేములోని పేదల కోసం. పైగా దాన్ని చేర్చడానికి నమ్మకస్తులను తోడు పంపాడు, ఎవరూ వేలెత్తి చూపకూడదని. విశ్వాసంతో ఇచ్చిన డబ్బుకు లెక్క చూపడం కూడా విశ్వాసంలో భాగమేనని దీనివల్ల తెలుస్తుంది.

ఇచ్చిన డబ్బు ఎటు వెళ్లాలన్న ప్రశ్న బొగ్గు బెల్టులో దసరా ముందు సూటిగా ఎదురవుతుంది. 2024లో సింగరేణి కార్మికులకు లాభాల వాటాగా 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. వాటా చేతికొచ్చే నెలలో ఇంటింటా లెక్కలే: కూతురి పెళ్లి బాకీ, కొడుకు కాలేజీ, పైకప్పు రిపేరు. ఆ లెక్కల చీటీలో మొదటి గీత చర్చి పేరున గీసే ఇళ్లు ఉన్నాయి. ఆ డబ్బు సున్నం వేయడానికీ, కొత్త మైకులకూ సరిపోతుంది. అదే వీధిలో భర్తను బొగ్గు బావిలో పోగొట్టుకున్న స్త్రీ ఉంటుంది, పేరోల్‌లో లేని కాంట్రాక్టు కార్మికుడి పిల్లలూ ఉంటారు. కమిటీ పెద్దలు లెక్కల పుస్తకం తెరిచి కూర్చున్నప్పుడు, మైకుల ఖర్చు కంటే ముందు ఆ రెండు ఇళ్ల పేర్లు రాయాలి.