అప్పు లేని రెండేండ్లు

పదో తరగతి ఫలితాలు రాగానే కడప జిల్లా పల్లెల్లో ఇంటింటా ఒకటే తర్జనభర్జన: పిల్లను ఇంటర్‌కు ఎక్కడ చేర్చాలి? స్తోమత ఉంటే కడప, ప్రొద్దుటూరు దాటి విజయవాడ దాకా దారి ఉంది. లేకుంటే పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే సర్కారు జూనియర్ కాలేజీ. ఇక్కడ మాట్లాడుకునే అన్నదమ్ములది బ్రహ్మంగారిమఠం. తమ్ముడు బ్రహ్మంసాగర్ నీళ్ల కింద ఉల్లి, పసుపు పండిస్తాడు. అన్న సర్కారు కాలేజీలో బాటనీ చెప్పి రిటైరయ్యాడు. ఇద్దరూ నా ఊహలోని మనుషులే. వాళ్ల ముందున్న ప్రశ్న మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంది.

తమ్ముడు: అన్నా, పాపకు మంచి మార్కులొచ్చినాయి. హాస్టలుండే కాలేజీల వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తాండారు. రెండేండ్లకు లక్షల్లో చెప్తాండారు. ఎకరా కుదువ పెడితే సరిపోతాది. నువ్వేమో సర్కారు కాలేజీ అంటావు. ఊరికే వచ్చేదానికి విలువేముంటాది?

అన్న: విలువ సంగతి తర్వాత చూద్దాం. కుదువ పెట్టి చేర్పించినావే అనుకో. ఆర్నెల్లకు పాప ఫోన్ చేసి, "నాయనా, నాకు ఎంపీసీ సరిపడ్లేదు, బైపీసీకి మారతా" అంటే ఏమంటావు?

తమ్ముడు: ఏమంటా? కట్టిన దుడ్డు ఏమైపోవాల, గమ్మున చదువుకో అంటా.

అన్న: పాపంటే నీకు ప్రాణం. అయినా ఆ మాట వస్తాది. దాన్ని నీ నోట పలికించేది అప్పు. తనకేది సరిపడతాదో తెలుసుకోవాల్సిన వయసు పదహారు. ఆ వయసులో మనసు మార్చుకునే వీలు లేకుండా చేసినాక, ఎంత గొప్ప కాలేజీ అయితే ఏం లాభం?

తమ్ముడు: భయముంటేనే చదువుతారన్నా. బోరేసేటప్పుడు అప్పు చేయలేదా? అప్పు లేకుండా మన ఊర్లో సేద్యం చేసినోడెవడు?

అన్న: బోరు అప్పు పంట తీర్చాల. చదువు అప్పు పిల్లే తీర్చాల. పంట పోతే వానను తిట్టుకుంటావు. ర్యాంకు రాకపోతే పాప తన్ను తానే తిట్టుకుంటాది. ఆ అప్పు పత్రం మీద పాప సంతకం కూడా లేదు.

తమ్ముడు: అట్లని తక్కువ ఖర్చని యాడో ఒకచోట పడేస్తామా?

అన్న: పడేయమని ఎవరన్నారు? ఈ రెండేండ్లు ఎందుకొచ్చినాయో చూడు. 1969కి ముందు మనకు ఉన్నది ఒక్క ఏడాది పీయూసీ. దానికి కాలేజీ ఉండే టౌనుకు పోవాల్సిందే. రెండేండ్ల ఇంటర్ వచ్చినాక, చాలాచోట్ల హైస్కూళ్లనే జూనియర్ కాలేజీలుగా పెంచినారు. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. అప్పుడు చదువు పల్లె దగ్గరికి జరిగింది. అమెరికాలో అంతకు చాలా ముందే, 1901లో, ఇల్లినాయ్ రాష్ట్రం జోలియట్ ఊర్లో ఇట్లే హైస్కూల్లోనే రెండేండ్ల కాలేజీ మొదలైంది. మొదట చేరింది 6 మందే. ఊరు విడవలేని పిల్లలకు పైచదువు అందాలనేదే వాళ్ల ఆలోచన. ఈపొద్దు ఆ దేశమంతా అట్లాంటి కాలేజీలే. తక్కువ ఖర్చుతో రెండేండ్లు ఇంటి దగ్గర చదివి, తనకేం కావాల్నో తేల్చుకోని యూనివర్సిటీకి పోతారు.

తమ్ముడు: ఆడ తేల్చుకోని పోతారు. ఈడ ఎంట్రన్సు తేలుస్తాది. ర్యాంకు లేకుంటే పాప యాడికి పోవాల?

అన్న: ఎంట్రన్సు ఒక్కటే దారి అనుకుంటే అట్లే కనపడతాది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008 నుంచి ఉంది. పదో తరగతి మార్కుల మీదనే సీటిస్తారు. ఆరేండ్ల కోర్సులో మొదటి రెండేండ్లు మన ఇంటర్‌తో సమానం. దానికీ అప్లై చేయించు. కడపలో యోగి వేమన యూనివర్సిటీ, పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2006లో వచ్చినాయి. ప్రొద్దుటూరు దగ్గర గోపవరంలో పశువైద్య కళాశాల ఉంది. ఇంటర్ ఏ కాలేజీలో చదివినా ఆ గేట్లు ఒకటే. చేతిపని మీద మనసుంటే ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కూడా రెండేండ్ల చదువే.

తమ్ముడు: ఐటీఐనా? అది పనోళ్ల చదువు కదన్నా.

అన్న: ఈ ఊర్లో పుట్టి ఆ మాట అనొచ్చునా? దీని పేరు కందిమల్లాయపల్లెగా ఉండే కాలంలో బ్రహ్మంగారు ఈడ వడ్రంగం చేసి బతికినారని మన పెద్దలు చెప్పలేదా? అంతకుముందు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాసినారు. కూలి ఇచ్చిన ఆ అచ్చమ్మే ఆయన దగ్గర జ్ఞానం అడిగింది. దూదేకుల సిద్దయ్య వస్తే శిష్యుడిగా తీసుకున్నారు. నేర్చుకునేదానికి వచ్చినోని కులమూ చూడలేదు, మూటా చూడలేదు. పనికి ఒక మనిషి, జ్ఞానానికి ఇంకొక మనిషి అనే తేడా మన మఠం కథలో లేదు.

తమ్ముడు: ఒప్పుకున్నా. కానీ సిద్దయ్యకు ఎదురుగా గురువు ఉన్నాడు. సర్కారు కాలేజీల్లో కొన్నింట్లో ఫిజిక్స్ సారు పోస్టు ఖాళీ, ల్యాబుకు తాళం. అప్పు లేదని సంతోషపడి, చదువూ లేకుండా పాప ఇంటికి రావాల్నా? నువ్వు చెప్పే ఆ స్వేచ్ఛను ఏం చేసుకోవాల?

అన్న: నువ్వడిగిన దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అప్పు లేకపోవడం తలుపు తీస్తాది, అంతే. లోపల చదువు ఉండాల. అది ఎట్లుంటాదో నేను చూసిందే చెప్తా. మొదటి ఏడాది బాటనీలో కణ విభజన పాఠం వస్తాది. మన చేన్లో పండే ఉల్లిగడ్డనే నీళ్ల గ్లాసు మీద పెడితే నాలుగు రోజులకు తెల్లటి వేర్లు దిగుతాయి. వేరు కొన ఇంత కోసి, అసిటోకార్మిన్ రంగులో నానబెట్టి, స్లైడు కింద లేత మంట చూపించి, పైన గాజు పలక పెట్టి బొటనవేలితో నొక్కాల. ఎక్కువ నొక్కితే గాజు పగుల్తాది, తక్కువ నొక్కితే ఏమీ కనపడదు. సరిగ్గా కుదిరితే ఒక కణం రెండయ్యే దశలు కండ్ల ముందర కనపడతాయి. మైదుకూరు మార్కెట్లో ధర పడిపోయి నువ్వు దిగులుపడే ఉల్లిగడ్డే అది. చిన్నప్పటి నుంచి దాన్ని కోసి, ఏరి, మూటగట్టిన పిల్ల మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తినప్పుడు, మళ్లా చూడాల సార్ అంటాది. దానికి లక్షలు అక్కర్లేదు. మైక్రోస్కోపు, ఆ రంగు సీసా, పక్కన నిలబడి చూపించే మనిషి ఉండాల. ఆ మూడింట్లో ఏది లేకున్నా పాఠం పుస్తకంలోనే ఉండిపోతాది.

తమ్ముడు: ఆ మనిషి లేకుంటే?

అన్న: అడగాల. ఫీజు లేదంటే ఎవురూ కట్టలేదని కాదు తమ్ముడూ, అందరూ కట్టినారని. నువ్వు సబ్బు కొన్నా, ఎరువు కొన్నా, ఫోన్ రీఛార్జి చేసినా దాంట్లో పోయే పన్నులో ఆ కాలేజీ వాటా ఉంది. కాబట్టి ఆడ సారు లేకపోతే అది నీ సొమ్ముకు జరిగిన అన్యాయం. అడిగితే కదిలే పనులుంటాయి. నేను పాఠం చెప్పే రోజుల్లో తినకుండా వచ్చిన పిల్లలు మధ్యాహ్నానికి క్లాసులో ఉండేవాళ్లు కాదు. 2025 జనవరి నుంచి సర్కారు జూనియర్ కాలేజీల్లో అన్నదాత డొక్కా సీతమ్మ పేరు మీద మధ్యాహ్నం భోజనం పెడతాండారు. అన్నం పెట్టించినోళ్లతో సారును కూడా వేయించుకోవచ్చు.

తమ్ముడు: అడగ్గలిగినోళ్లంతా పిల్లలను విజయవాడకు పంపినారన్నా. మిగిలినోళ్ల మాట ఎవరింటారు?

అన్న: ఈ కాలేజీలు బలహీనపడింది అందుకే. నీ మాట పంచాయతీలో చెల్లుతాది. నువ్వూ పంపేస్తే అడిగే గొంతు ఇంకొకటి తగ్గుతాది.

తమ్ముడు: అంటే ఊరి బాగు కోసం నా పాపను పణం పెట్టమంటావా?

అన్న: వద్దు. అప్పుకూ పెట్టొద్దు, ఊరికీ పెట్టొద్దు. చేర్పించే ముందు కాలేజీకి పో. ఏ సబ్జెక్టుకు సారున్నాడు, ఏది ఖాళీ అని అడుగు. ల్యాబు తీయించి చూడు. మైక్రోస్కోపు అద్దం మీద దుమ్ముందో లేదో చూస్తే, పోయినేడు పాఠాలు ఎట్ల జరిగినాయో తెలిసిపోతాది. అంతా చూసినాక కూడా మనసొప్పకపోతే నేను బలవంతం చేయను.

తమ్ముడు: మనసొప్పితే, ఆ ఎకరా?

అన్న: అట్లే ఉండనీ. రెండేండ్లకు పాప, "నేను పశువుల డాక్టరు కావాల" అనో, "తెలుగు చదువుతా" అనో తేల్చుకోని చెప్తాది. అప్పుడు అవసరమైతే ఖర్చు పెట్టు. ఏం కావాల్నో తెలిసినాక పెట్టే ఖర్చులో అర్థముంది. తెలియకముందే కుదువ పెడితే, ఏం కావాల్నో తేల్చేది బాకీనే.

తమ్ముడు: సరే, సోమవారం పోతా. ఒకవేళ ఫిజిక్స్ సారు లేకుంటే?

అన్న: ఒక్కడివే పోవద్దు. పదో తరగతి పాసైన పిల్లల నాయనలను, అమ్మలను నలుగురిని పిలుచుకో. ప్రిన్సిపాల్‌కు అర్జీ రాసిద్దాం, దాని నకలు ఎమ్మెల్యేకిద్దాం. పోస్టు నిండే దాకా బాటనీ నేను చెప్తా, ఫిజిక్స్ చెప్పే రిటైరైన సార్లు ప్రొద్దుటూరులో ఉండారు, వాళ్లను నేను అడుగుతా. రాసేదానికి కాగితం తీసుకోనిరా, ఇప్పుడే మొదలుపెడదాం.