పచ్చి కుండ అనిపించుకున్న నామదేవుడు

ఇరవై ఏళ్ల కుర్రాడు చిన్న మాటకే ఉడుక్కుంటే ‘ఇంకా పరిణతి రాలేదు’ అంటాం. డెబ్బై ఏళ్ల పెద్దాయన అలాగే ఉడుక్కుంటే పెద్దరికమని సర్దుకుపోతాం. అపరిపక్వతకు వయసే కొలత అనుకుంటాం కాబట్టి ఆ మాట ఎప్పుడూ చిన్నవాళ్ల మీదే పడుతుంది. పండరి భక్తులు చెప్పుకునే ఒక కథలో మాత్రం అది అందరికీ ఆరాధ్యుడైన భక్తుడి మీద పడింది.

భక్తకవి జ్ఞానదేవుడు, ఆయన తోబుట్టువులు, నామదేవుడు గోరా కుంభారు ఇంట కూర్చున్నారు. గోరాది తేర్ గ్రామం, వృత్తి కుమ్మరం. 1977లో అక్కినేని నటించిన ‘చక్రధారి’ మనకు చూపించిన భక్తుడు ఆయనే. జ్ఞానదేవుడి చెల్లెలు ముక్తాబాయి కుండలు చరిచే చెక్కను చూసి, ఇదెందుకని అడిగింది. ఏ కుండ కాలిందో, ఏది కాలలేదో దీంతో తట్టి తెలుసుకుంటాను అన్నాడు గోరా. అయితే మా అందరినీ తట్టి చూడమంది ఆమె. గోరా ఒక్కొక్కరి తల మీదా తడుతూ వచ్చాడు. అందరూ కదలక మెదలక కూర్చున్నారు. నామదేవుడికి మాత్రం కోపం వచ్చింది. ఈ కుండ ఒక్కటే పచ్చిది అని గోరా తేల్చేశాడు.

ఎండలో బాగా ఆరిన కుండ చూడటానికి గట్టిగానే ఉంటుంది. నీళ్లు పోస్తే మాత్రం మళ్లీ మట్టే. ఆవంలో దాదాపు 600 డిగ్రీల వేడి దాటాక మట్టిలో ఇమిడిపోయిన నీరు కూడా వెళ్లిపోతుంది. ఆ తరువాత ఆ కుండ పగిలితే పెంకులవుతుంది గానీ తిరిగి బురద కాదు. ఈ తేడా గోరాకు పనిలోనే కాదు, బతుకులోనూ తెలుసు. భక్తి పరవశంలో మట్టి తొక్కుతూ సొంత బిడ్డనే పోగొట్టుకున్నాడని ఆయన కథ చెబుతుంది. అంత మంటలో కాలినవాడి చేతిలో ఉంది కాబట్టే ఆ చెక్కకు విలువ.

మరి నామదేవుడికి ఏం తక్కువైంది? చిన్నతనంలోనే పండరి విఠలుడికి నైవేద్యం తినిపించాడని ప్రతీతి. సంప్రదాయం చెప్పే లెక్క ప్రకారం ఆయన 1270లో పుట్టాడు, ముక్తాబాయి 1279లో. వయసులో పెద్ద, భక్తిలో ఎవరికీ తీసిపోడు. కానీ స్వామికి నేను అయినవాణ్ని, నన్ను పరీక్షించడమేమిటన్న పట్టు లోపల మిగిలిపోయింది. భక్తిలో పచ్చిదనమంటే ఇదేనని నా నమ్మకం. ఉత్సవ కరపత్రంలో పేరు కింద వేశారని గుడి మెట్లెక్కడం మానేసేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్ల భక్తి అబద్ధం కాదు. అది ఇంకా ఆవం చూడలేదు, అంతే.

నామదేవుడు ఏడుస్తూ విఠలుడి దగ్గరికి వెళ్లాడు. స్వామి వెనకేసుకు రాలేదు. గోరా చెప్పింది నిజమేనని, గురువును వెతుక్కోమని ఔంఢా నాగనాథ్‌లో ఉన్న విసోబా ఖేచరుడి దగ్గరికి పంపాడు. అక్కడ విసోబా శివలింగం మీద కాళ్లు చాపుకొని పడుకున్నాడు. నామదేవుడు మందలించబోతే, దేవుడు లేని చోటు చూసి నా కాళ్లు అక్కడ పెట్టు అన్నాడాయన. ఎటు తిప్పినా ఆ పాదాల కింద లింగమే ప్రత్యక్షమైంది. పండరి గుడిలో మాత్రమే దేవుణ్ని చూసిన నామదేవుడు ఆ కాళ్లకే మొక్కాడు.

ఈ కథలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఆ ప్రయాణమే. పచ్చివాడివని పదిమందిలో అనిపించుకున్నాక, ఆ మాట నిజమేమో చూసుకుందామని బయలుదేరడం ఎంత కష్టం! చాలామందిమి ఆ మాట అన్నవాడి లోపాలు ఏరుతూనే బతుకు వెళ్లదీస్తాం.

ఆ ప్రయాణం తరువాతి నామదేవుణ్ని గురించి ఒక సంగతి చెబుతారు. ఆయన రొట్టెను కుక్క ఎత్తుకుపోతే, ఎండు రొట్టె ఎలా తింటావు స్వామీ అంటూ నెయ్యి గిన్నెతో దాని వెంట పరుగెత్తాడట. ఆయన పేరున 61 పదాలు సిక్కుల గురు గ్రంథ సాహిబ్‌లో ఉన్నాయి. మరాఠీ దర్జీల ఇంట పుట్టిన విఠల భక్తుణ్ని పంజాబు తన భగత్‌గా ఈనాటికీ పాడుకుంటోంది.