గోడమీది గీతలు

మా అబ్బాయి ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే నాకు ప్రాణం మీదికొచ్చేది. బ్యాంకనో, బడిపంతులనో అయితే ఒక్క ముక్కలో తేలిపోను. వీడిదేమో హైదరాబాదులో ఒంటికి తొడుక్కునే యంత్రాలు చేసే కొత్త కంపెనీ. నడుముకి కట్టుకుంటే, బరువెత్తేటప్పుడు ఆసరా ఇస్తుందిట.

"యంత్రం చేసేది నువ్వేనా?" అంటే, "కాదమ్మా, నాది బ్యాకెండు" అన్నాడు. మనిషి ఎన్నిసార్లు వంగాడో, లేచాడో యంత్రం లెక్క పంపుతూంటుంది. ఆ లెక్కల్ని జారిపోకుండా అందుకుని, దాచి, అడిగినవాళ్లకి అడిగినట్టు అందించడం వాడి పని.

"అంటే వంటిల్లన్నమాట" అన్నాను. అన్నీ కుదిరితే ఎవరికీ గుర్తురాదు, ఉప్పు తగ్గితే అందరికీ గుర్తొస్తుంది.

కిందటి నెల వికారాబాదు వచ్చినప్పుడు వాడు అన్నం సరిగా తినలేదు. తాండూరు వైపు ఒకచోట బండలు మోసే పనివాళ్లకి ఆ పట్టీలు కట్టి చూస్తున్నారుట. ఎవరి నడుం ఎప్పుడు అలిసిందో తెలుసుకుని, విశ్రాంతి ఇవ్వడానికి మొదలెట్టిన లెక్క అది. ఇప్పుడు యజమాని, ఎవరు ఎంతసేపు ఊరికే నిలబడ్డారో పేరుపేరునా చూపించమంటున్నాడు.

"నాకు ఒక్కపూట పనమ్మా. చేసింది నేనని ఎవరికీ తెలియదు కూడా."

1990ల్లో హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రి పిల్లలు గుర్తొచ్చారు నాకు. పోలియో కాళ్లకి మూడు కిలోలు పైబడిన లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచేవారు. అబ్దుల్ కలాం గారి బృందం క్షిపణికి వాడే తేలికైన పదార్థంతోనే 300 గ్రాముల కాలిపర్లు చేసిపెట్టింది. పదార్థం ఒక్కటే. ఎవరికోసం అన్నదే తేడా. ఈ లెక్కా అంతే కదా? అలిసినవాడికి విశ్రాంతీ ఇవ్వగలదు, కూలీ కూడా కొయ్యగలదు.

మనిషి వివరాలు వాడుకోవాలంటే సాధారణంగా ఆ మనిషి ఒప్పుకోవాలని 2023లో చట్టం వచ్చింది, నిజమే. కానీ రోజుకూలీ మీద బతికేవాడు యజమాని ఎదుట "ఒప్పుకోను" అనగలడా, మీరే చెప్పండి!

ఇంతలో నా కళ్లు గోడమీది క్యాలెండరు మీద పడ్డాయి. పనిమనిషి రాని రోజులకి నేను పెట్టిన గీతలు! తిట్టబోయిన నోరు మూతపడింది. ఒక్కటే సమాధానం చెప్పుకున్నాను: నా లెక్క గోడమీద ఉంది, ఆవిడా చూస్తుంది, "ఆనాడు వచ్చినగద" అని దెబ్బలాడుతుంది.

"ఆ లెక్క ముందు పనివాళ్లకి కనిపించేట్టు చెయ్యి. తప్పుంటే కాదనే వీలివ్వు. యజమానికి పేర్లు పంపనని చెప్పు" అన్నాను.

"ఉద్యోగం పోతే?"

జవాబు వెంటనే రాలేదు. తల్లిని కదా. "తెలిసి చేశాక అన్నం సహిస్తుందా నీకు?" అని మాత్రం అడగగలిగాను. వాడు సోమవారం రైలెక్కాడు. చెప్పాడుట. ఇంకా ఏమీ తేలలేదు.

మొన్న పనిమనిషి చేతికే పెన్సిలిచ్చి, ఇకనుంచి గీతలు నువ్వే పెట్టమన్నాను. ఆవిడ క్యాలెండరు కేసి ఓసారి, నాకేసి ఓసారి చూసి, "మరి నువ్వు పండుకున్న పగళ్లు గూడ గీయాల్నా అమ్మా?" అంది!