క్షమించేవాళ్లు పోయాక

మనిషిని చంపినవాడు పశ్చాత్తాపపడితే అతన్ని క్షమించేదెవరు? తప్పు ఎవరి పట్ల జరిగిందో వాళ్లే క్షమించాలి. హత్యలో ఆ మనిషే మిగలడు. అప్పిచ్చినవాడు పోతే బాకీ వారసులకు చెల్లించవచ్చు, ప్రాణానికి అలాంటి వారసుడు లేడు. ముసలి తుపాకివీరుల కథలు చెప్పిన హాలీవుడ్ వెస్టర్న్ సినిమాల్లో ఈ చిక్కును తప్పించుకోకుండా ఎదుర్కొన్నది, నా దృష్టిలో, 1992లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన ‘అన్‌ఫర్‌గివెన్’. ఒకప్పుడు ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా చంపిన విలియం మన్నీ, భార్య క్లాడియా చలవతో తాగుడూ తుపాకీ మానేశాడు. ఆమె మశూచితో పోయింది. ఇద్దరు పిల్లలు, జబ్బుపడ్డ పందులు మిగిలాయి. నేను మారానని అతను పదేపదే అంటుంటాడు. అబద్ధమాడుతున్నాడని అనుకోను. జ్వరంలో అతన్ని వెంటాడేది తాను చంపినవాడి పురుగులు పట్టిన రూపం. మత్తు దిగాక చూస్తే కాల్చిన కారణమే గుర్తురాని ఓ పశువుల కాపరిని అతను మరిచిపోలేడు. అయినా క్లాడియా ప్రేమ క్షమ కాదు. ఆ తూటాలు తగిలింది ఆమెకు కాదు గనక ఆ బాకీ కొట్టేసే హక్కు ఆమెకు లేదు.

దేవుడు క్షమించడా అని అడగవచ్చు. క్షమిస్తాడనే అనుకుందాం. మతాలు కూడా విషయాన్ని అంతటితో తేల్చెయ్యలేదు. ప్రాయశ్చిత్త దినం దేవుడి పట్ల చేసిన పాపాలను కడుగుతుంది, సాటిమనిషికి చేసిన ద్రోహం మాత్రం ఆ మనిషిని సమాధానపరిచేదాకా పోదు అంటుంది యూదుల మిష్నా. అంగుళిమాలుడి కథ ఇంకా సూటిగా ఉంటుంది. హంతకుడైన అతన్ని బుద్ధుడు సంఘంలో చేర్చుకున్నాడు, అతను సాధనతో అర్హత్ కూడా అయ్యాడు. అయినా భిక్షకు వెళితే రాళ్లు పడ్డాయి, తల పగిలింది. ఓర్చుకో అన్నాడు బుద్ధుడు. అంటే మారిన మనసు గతాన్ని చెరపదు. కొత్త బాకీ చెయ్యకుండా, తనకు తగలాల్సిన దెబ్బకు పక్కకు తొలగకుండా నిలబడుతుంది.

అలా చూస్తే ఈ కథలో నిజంగా మారినవాడు మన్నీ పాత జతగాడు నెడ్ లోగన్. హత్యకు ప్రకటించిన 1000 డాలర్ల బహుమతి కోసం ఇద్దరూ వయోమింగ్ వెళ్లారు. వాళ్లు చంపాల్సిన కుర్రాడు గుర్రం కింద పడి, కాలు విరిగి పాకుతుంటే, మంచి గురికాడైన నెడ్ కాల్చలేక రైఫిల్ వదిలేశాడు. ప్రసంగమేమీ లేదు, చెయ్యి ఒప్పుకోలేదు. ఇంటిదారి పట్టినవాడు దొరికిపోయి, షెరీఫ్ లిటిల్ బిల్ కొరడా కింద ప్రాణం వదిలాడు. మన్నీ కూడా బిల్ చేతిలో తన్నులు తిని సెలూన్‌లోంచి పాకుతూ బయటపడ్డాడు కదా అంటారేమో. అది ఓర్పు కాదు, జ్వరం. ఒంట్లోకి బలం, చేతిలోకి విస్కీ వచ్చాక ఆ ఓర్పు ఏమైందో చూశాం: అతను ఆ సెలూన్‌కే తిరిగి వచ్చి తుపాకి పేల్చాడు.

నెడ్‌ను చంపినవాళ్లను శిక్షించడం న్యాయం కాదా? ఇది బలమైన అభ్యంతరమే. ఆ ఊళ్లో చట్టమే కొరడా పట్టింది, మొర పెట్టుకోవడానికి మరో గుమ్మం లేదు. కానీ మన్నీ మొదట కాల్చింది సెలూన్ యజమానిని. అతని చేతిలో ఆయుధం లేదు. నెడ్ శవాన్ని తన సెలూన్ ముందు పెట్టనిచ్చాడు, అదీ అతని నేరం. నెడ్ ఏ పని చెయ్యలేనని తుపాకి దించాడో ఆ పనే నెడ్ పేర జరిగింది, వద్దనడానికి నెడ్ లేడు.

చివర తెరమీద కొన్ని అక్షరాలు కనిపిస్తాయి. మన్నీతో పెళ్లి వల్ల గుండె పగిలిన క్లాడియా తల్లి, చాలాకాలానికి కూతురి సమాధి దగ్గరికి వచ్చింది. తన బాధ మేరకైనా అతన్ని క్షమించగలిగిన మనిషి ఆమె. అప్పటికే మన్నీ పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్లిపోయాడు.